పిల్లలు పైలట్ అవుతానంటే ముందు లెక్క చెప్పండి



ఏటా జూన్‌లో తొమ్మిదో తరగతి పిల్లలతో ‘పెద్దయ్యాక ఏమవుతారు’ అని ఇంగ్లిష్‌లో ఒక పేజీ రాయిస్తాను. ఇందులో కొత్తేమీ లేదు. మీరూ మీ రోజుల్లో రాసే ఉంటారు. నలభై పేపర్లలో ఎక్కువ భాగం సాఫ్ట్‌వేర్, డాక్టర్, ఐఏఎస్, ఈమధ్య యూట్యూబర్. వాటి మధ్య ఒకటో రెండో పైలట్ పేపర్లు ఉంటాయి. అవి దిద్దేటప్పుడు నాకు ఒక తేడా కనబడుతుంది. డాక్టర్ అవుతానన్న పిల్లలు నీట్ గురించి, ర్యాంకు గురించి, సీట్ల గురించి రాస్తారు. పైలట్ అవుతానన్న పిల్లలు మబ్బుల గురించి, తెల్ల యూనిఫాం గురించి రాస్తారు. దారి గురించి ఒక్క వాక్యం కూడా ఉండదు. కారణం ఊహించడం కష్టం కాదు. ఇంట్లో ఆ మాట ఎత్తినప్పుడల్లా సంభాషణ ఒకే చోట ఆగిపోతుంది. “అదంతా బాగా డబ్బున్నోళ్లకి నాన్నా, నువ్వు ముందు చదువుకో.”

ఆ జవాబులో సగం నిజం ఉంది. ఎగరడం ఖరీదైన వ్యవహారమే. కానీ ఎంత ఖరీదు, ఎప్పుడు కట్టాలి, కట్టకుండా వెళ్లే దారి ఏదైనా ఉందా అన్నది పిల్లలకే కాదు, చాలామంది పెద్దలకూ తెలియదు. లెక్క అంతా చూశాక మన వల్ల కాదనుకుంటే అది నిర్ణయం. చూడకుండానే వద్దంటే పిల్లలకు మిగిలేది మనసులో ఒక ముల్లు. పాతికేళ్లు వచ్చాక, మంచి ఉద్యోగంలో ఉండి కూడా “మా ఇంట్లో పడనివ్వలేదు” అనే వాళ్లను నేను చూశాను. పడనివ్వకపోవడానికి కారణమేమిటో అప్పటికీ వాళ్లకు సరిగా తెలియదు.

అందుకని ముందు లెక్క చూద్దాం. మన దేశంలో విమానం నడిపి జీతం తీసుకోవాలంటే డీజీసీఏ ఇచ్చే కమర్షియల్ పైలట్ లైసెన్స్ కావాలి. అందరూ సీపీఎల్ అంటారు. 18 ఏళ్లు నిండాలి, 200 గంటలు ఎగిరి ఉండాలి. అందులో 100 గంటలు విమానం బాధ్యత మొత్తం తానే తీసుకుని నడిపినవి కావాలి. రాత్రి పూట దిగడం, ఎక్కడం విడిగా చూపించాలి. ఎయిర్ నావిగేషన్, మెటియొరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లలో ఒక్కోదాంట్లో 70 శాతం తెచ్చుకోవాలి. మన పిల్లలకు పేపర్లు పెద్ద భయం కాదు, వీక్లీ టెస్టులకు అలవాటుపడ్డ ప్రాణాలు. ఖర్చంతా ఆ 200 గంటల్లోనే ఉంది. విమానం అద్దె, ఇంధనం, ఇన్‌స్ట్రక్టర్, హాస్టల్ అన్నీ కలిపి ఇవాళ అర కోటి అటూ ఇటూగా తేలుతుంది. అక్కడితో ఆగదు. ఎయిర్‌లైన్‌లో కూర్చోవాలంటే ఎయిర్‌బస్ ఏ320 లాంటి ఒక రకం విమానం మీద విడిగా శిక్షణ తీసుకోవాలి. దాన్ని టైప్ రేటింగ్ అంటారు. దానికి మళ్లీ పది లక్షలకు పైమాటే.

యాభై లక్షలు అప్పు తెచ్చి, 11 శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలనుకోండి. నెలకు వాయిదా దాదాపు 69 వేలు. మొత్తం కట్టేది 82 లక్షలు దాటుతుంది. చదివే రోజుల్లో పెరిగే వడ్డీ దీనికి అదనం. పైగా విద్యా రుణం ఏడున్నర లక్షలు దాటిందంటే బ్యాంకు సాధారణంగా ఇల్లో, స్థలమో తాకట్టు అడుగుతుంది. ఈ నాలుగు అంకెలు ఒక కాగితం మీద రాసి, మీ నెల జీతం పక్కన పెట్టి, పదో తరగతి పిల్లవాడికి చూపించండి. చక్రవడ్డీ చాప్టర్ మేం ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనంత బాగా ఎక్కుతుంది.

ఇక్కడ ఒక మాట అనుకోవాలి. అర కోటి అనగానే మనం వెనక్కి తగ్గుతాం. కానీ అమెరికాలో ఎంఎస్‌కి నలభై, యాభై లక్షలు అప్పు చేయడానికి మన ఇళ్లలో అంత వెనకాడం. ప్లాటు అమ్ముతాం, బంగారం పెడతాం, బావమరిదిని అడుగుతాం. మేనేజ్‌మెంట్ కోటాలో మెడికల్ సీటు సంగతి ఇక చెప్పనక్కర్లేదు. డబ్బు ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడ? అమెరికా వెళ్లి వచ్చినవాళ్లు మన వీధిలోనే నలుగురు ఉంటారు, వాళ్లను అడగొచ్చు. పైలట్ అయినవాళ్లు మన చుట్టాల్లో ఎవరూ ఉండరు. తెలియని దారి కాబట్టి భయపడుతున్నాం. భయానికి “ఖర్చు” అని పేరు పెడుతున్నాం.

అలాగని రెండూ ఒకటేనని నేను అనను. ఎంఎస్ మధ్యలో ఆగినా చేతిలో ఇంజినీరింగ్ డిగ్రీ ఉంటుంది. 120 గంటల దగ్గర డబ్బు అయిపోయి ఆగిన ఫ్లయింగ్‌కు మార్కెట్లో విలువ లేదు. లైసెన్స్ చేతికొచ్చాక కూడా ఉద్యోగం వెంటనే వస్తుందన్న హామీ లేదు. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడు అనుభవం ఉన్న పైలట్లే రోడ్డున పడ్డారు. అలాంటి సమయంలో కొత్తగా లైసెన్స్ తెచ్చుకున్న కుర్రవాడి వంతు ఎప్పుడొస్తుంది? కరోనా సంగతి మనందరికీ గుర్తే. ఇదంతా లెక్కలో ఉండాలి. ఉన్న ఒక్క ఇల్లు తాకట్టు పెట్టి, చెల్లి చదువుకు ఉంచిన డబ్బు తీసి, అక్క పెళ్లి వాయిదా వేసి చేసే ఫ్లయింగ్‌ను నేను సమర్థించను. ఆ ఇంట్లో ఆ పిల్లవాడు ఎగిరే ప్రతి గంటా బరువుగానే ఉంటుంది.

అలాంటి ఇంటి పిల్లలకు దారి లేదా? ఉంది. కానీ దాని తలుపు ఎంతోసేపు తెరిచి ఉండదు. మనం ఎక్కువగా పొరపడేది ఇక్కడే.

సివిల్ ఫ్లయింగ్‌కు డబ్బు కావాలి, కానీ గడియారం తొందరపెట్టదు. సీపీఎల్ తీసుకోవడానికి పై వయసు పరిమితి లేదు. ఎయిర్‌లైన్ పైలట్లు 65 ఏళ్ల దాకా ఎగరవచ్చు. కొన్ని ఎయిర్‌లైన్ల క్యాడెట్ ప్రోగ్రామ్‌లకు మాత్రం వయోపరిమితి ఉంటుంది, అది చూసుకోవాలి. ఎయిర్ ఫోర్స్‌లో సరిగ్గా దీనికి తలకిందులు. అక్కడ రూపాయి అక్కర్లేదు, శిక్షణ మొత్తం ప్రభుత్వమే ఇస్తుంది, ఎదురు స్టైపెండ్ కూడా వస్తుంది. కానీ గడియారం ఆగదు. ఎన్‌డీఏకు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల లోపే. ఇంటర్ రెండో ఏడాది చదువుతూనే పరీక్ష రాయవచ్చు. యూపీఎస్‌సీ దీన్ని ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. అది దాటితే డిగ్రీ తర్వాత ఏఎఫ్‌క్యాట్, సీడీఎస్ పరీక్షలున్నాయి. ఫ్లయింగ్ బ్రాంచికి వాటిలో వయసు 20 నుంచి 24. ఆ తర్వాత తలుపు మూసేస్తారు. ఎంపికైనవారికి ఎగరడం నేర్పే ఎయిర్ ఫోర్స్ అకాడమీ ఎక్కడో లేదు. మన హైదరాబాద్ శివార్లలో దుండిగల్‌లోనే ఉంది.

ఇందులో ఒక కఠినమైన నిబంధన కూడా ఉంది. ఎయిర్ ఫోర్స్‌లో పైలట్‌గా పనికొస్తారా లేదా అని చూసే కంప్యూటర్ పరీక్ష ఒకటి ఉంటుంది. దాని పేరు సీపీఎస్‌ఎస్. అది జీవితంలో ఒక్కసారే. తప్పితే మళ్లీ ఫ్లయింగ్ బ్రాంచికి రానివ్వరు. అందుకే “ఊరికే ఒకసారి రాసి చూడరా” అని తయారీ లేకుండా పంపడం మంచిది కాదు.

ఆడపిల్లల తల్లిదండ్రులు ఇది తప్పక గమనించాలి. ఎన్‌డీఏ తలుపు అమ్మాయిలకు తెరుచుకున్నది ఈమధ్యే. మొదటి బ్యాచ్ 2022లో చేరింది, 2025 మేలో 17 మంది పాసవుట్ అయ్యారు. మీలో చాలామందికి మీ చదువు రోజుల్లో లేని అవకాశం ఇది. అందుకే ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తు రాదు. ఇప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్న అమ్మాయికి ఆ పరీక్ష ఇంకా మూడేళ్ల దూరంలోనే ఉంది.

కాబట్టి నా సలహా ఇది. డబ్బు లేని ఇంట్లో పైలట్ మాట వినబడితే దాన్ని “తర్వాత చూద్దాం” అని పక్కన పెట్టకండి. తర్వాత చూడగలిగేది డబ్బున్నవాళ్లే. లేనివాళ్లు పదిహేనేళ్లకే చూడాలి. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలన్నది ఎన్నాళ్లుగానో ఉన్న నిబంధన. పదో తరగతి అయ్యాక గ్రూపు ఎంచుకునే ఆ రెండు వారాల్లోనే సగం నిర్ణయం అయిపోతుంది. బైపీసీ తీసుకున్నవాళ్లు సివిల్ లైసెన్స్ కోసం ఓపెన్ స్కూల్ ద్వారా మ్యాథ్స్ విడిగా రాసుకున్న సందర్భాలున్నాయి. కానీ అది చుట్టుదారి.

డబ్బు ఉన్నా లేకపోయినా అన్నింటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. మెడికల్. విమానం నడపడానికి కళ్లు, చెవులు, గుండె, రంగులు గుర్తించే చూపు సరిగా ఉండాలి. డీజీసీఏ గుర్తించిన డాక్టర్ల దగ్గర క్లాస్ 2 మెడికల్ చేయించుకోవచ్చు. కొన్ని వేలతో పోయే పని. సీపీఎల్‌కు ఆ తర్వాత క్లాస్ 1 కావాలి. కోచింగ్‌కు లక్షలు కట్టి, ఆఖర్న రంగుల పరీక్షలో తప్పితే ఆ బాధ వర్ణించలేం. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోవడం మగపిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. చాలామందికి ఆ సంగతి పరీక్ష చేయించుకునేదాకా తెలియదు కూడా. చుక్కల మధ్య అంకె చదివించే ఇషిహారా పరీక్షకు మంచి కంటి డాక్టర్ దగ్గర పది నిమిషాలు చాలు. ఈ వేసవి సెలవుల్లోనే చేయించవచ్చు. అలాగే ఒక అపోహ తీసేద్దాం. కళ్లద్దాలున్నంత మాత్రాన సివిల్ పైలట్ కాలేరన్నది నిజం కాదు. అద్దాలతో చూపు నిర్ణీత స్థాయికి వస్తే అనుమతిస్తారు. ఎయిర్ ఫోర్స్ ఫ్లయింగ్ బ్రాంచిలో మాత్రం కంటి విషయంలో చాలా గట్టిగా ఉంటారు.

కళ్లు అడ్డుపడ్డాక ఏం చేయాలన్నదానికి మన తెలుగువాళ్లలోనే ఒక ఉదాహరణ ఉంది. గుంటూరు ప్రాంతంలో పుట్టి అమెరికాలోని హ్యూస్టన్‌లో పెరిగిన శిరీష బండ్లకు చూపు కారణంగానే పైలట్‌గా, ఆపైన నాసా వ్యోమగామిగా వెళ్లే మామూలు దారి మూసుకుపోయింది. ఆమె పర్డ్యూ యూనివర్సిటీలో ఏరోస్పేస్ ఇంజినీరింగ్ చదివారు, అంతరిక్ష కంపెనీలో ఉద్యోగంలో చేరారు. 2021 జూలై 11న ఆ కంపెనీ నౌకలోనే అంతరిక్షం అంచుకు వెళ్లివచ్చారు. ఎగరడం చుట్టూ ఎన్ని పనులున్నాయో మన పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. విమానాలకు ఆకాశంలో దారి చూపే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఉద్యోగానికి ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ చాలు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పరీక్ష పెట్టి తీసుకుంటుంది. విమానం రిపేరు చేసి, ఎగరడానికి సిద్ధమని సంతకం పెట్టే ఇంజినీర్లుంటారు. ఊళ్లో వరి మీద మందు కొట్టే డ్రోన్ నడపడానికి కూడా ఇప్పుడు డీజీసీఏ సర్టిఫికెట్ ఉంది. 18 ఏళ్లు నిండి, పదో తరగతి పాసైతే చాలు. ఇవేవీ పైలట్ సీటుతో సమానం కావని పిల్లలు అంటారు. అననివ్వండి. తెలిసి అనడం మంచిదే.

బాధ్యతల సంగతికి వద్దాం. ఎగిరినవాళ్లందరూ ఏ బరువూ లేని మనుషులనుకుంటాం. చరిత్ర చూస్తే అలా లేదు. 1936లో లాహోర్‌లో చీర కట్టుకుని జిప్సీ మాత్ విమానం ఎక్కిన సరళా ఠక్రాల్ మన దేశపు తొలితరం మహిళా పైలట్లలో ఒకరు. అప్పటికి ఆమెకు 21 ఏళ్లు, ఇంట్లో నాలుగేళ్ల పాప. వెయ్యి గంటలు ఎగిరారు. కమర్షియల్ లైసెన్స్ కోసం శిక్షణ తీసుకోవాలనుకునే రోజుల్లో, 1939లో, పైలట్ అయిన భర్త విమాన ప్రమాదంలో చనిపోయారు. వెంటనే ప్రపంచయుద్ధం వచ్చింది, సివిల్ శిక్షణ ఆగిపోయింది. చిన్నపిల్లలతో ఆమె లాహోర్ తిరిగివెళ్లి చిత్రకళ నేర్చుకున్నారు. దేశ విభజన తర్వాత ఢిల్లీ వచ్చి నగల, చీరల డిజైన్లతో వ్యాపారం నిలబెట్టారు. కమర్షియల్ పైలట్ కాలేదు. ఆమె కథ చెప్పేటప్పుడు చాలామంది చీరతో విమానం ఎక్కిన దగ్గర ఆపేస్తారు. నాకు మాత్రం తర్వాతి భాగమే పిల్లలకు చెప్పాలనిపిస్తుంది. బాధ్యత గెలిచిన రోజున కూడా ఆమె కూలిపోలేదు. అప్పటికి ఎగిరిన వెయ్యి గంటలను ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

రెండో కథ మన హైదరాబాద్‌ది. ప్రేమ్ మాథుర్ 1947లో అలహాబాద్ ఫ్లయింగ్ క్లబ్‌లో కమర్షియల్ లైసెన్స్ సంపాదించారు. ఎనిమిది ఎయిర్‌లైన్లు ఆడమనిషని ఉద్యోగం ఇవ్వలేదు. ఇచ్చింది హైదరాబాద్‌కు చెందిన డెక్కన్ ఎయిర్‌వేస్. అలా దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ఉద్యోగజీవితం మన బేగంపేటతో ముడిపడి మొదలైంది. 1949లో ఆమె నేషనల్ ఎయిర్ రేస్ గెలిచారు. ఇవాళ మన దేశ పైలట్లలో మహిళలు సుమారు 15 శాతం. ప్రపంచ సగటు కంటే ఇది చాలా ఎక్కువ. బేగంపేట మీదుగా రోజూ వెళ్లే పిల్లల్లో ఎంతమందికి ఈ పేరు తెలుసు? నా క్లాసులో అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు.

ఈ కాలపు ఉదాహరణ కావాలంటే విజయవాడ ఉంది. సైన్యంలో పనిచేసి రిటైరైన తండ్రి, మామూలు మధ్యతరగతి ఇల్లు. అక్కడ పెరిగిన ఆనీ దివ్య 17 ఏళ్లకు ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న ప్రభుత్వ ఫ్లయింగ్ అకాడమీలో చేరారు. ఇంట్లో అప్పు చేసి పంపించారు. 19 ఏళ్లకు ఎయిరిండియాలో ఉద్యోగం వచ్చింది. 30 ఏళ్లకు బోయింగ్ 777 కమాండర్ అయ్యారు. అంత పెద్ద విమానానికి అంత చిన్న వయసులో కమాండర్ అయిన మహిళగా 2017లో వార్తల్లోకి వచ్చారు. ఆమె ఇంటర్వ్యూల్లో చెప్పిన ఒక సంగతి ఇంగ్లిష్ టీచర్‌గా నాకు బాగా తగిలింది. అకాడమీలో మొదట్లో ఇంగ్లిష్ మాట్లాడటానికి ఇబ్బంది పడ్డారట, తోటివాళ్లు నవ్వారట.

దీని గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను, ఇది నా సబ్జెక్టు. పైలట్ లైసెన్స్‌కు ఇంగ్లిష్ మాట్లాడటంలో అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, కనీసం నాలుగో స్థాయి రావాలి. అది గ్రామర్ పరీక్ష కాదు. వినాలి, అర్థం చేసుకోవాలి, ఉన్న విషయం తక్కువ మాటల్లో తిరిగి చెప్పాలి, అర్థం కాకపోతే సిగ్గుపడకుండా మళ్లీ అడగాలి. 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు. విచారణలో తేలిన కారణాల్లో ఒక విమాన సిబ్బందికి ఇంగ్లిష్ సరిగా రాకపోవడం కూడా ఉంది. మన పిల్లలకు ఇంగ్లిష్‌లో 95 మార్కులు వస్తాయి. ఫోన్లో ఒక చిరునామా ఇంగ్లిష్‌లో చెప్పమంటే తడబడతారు. మార్కులకు నేను చెబుతాను. ఆ రెండో పని ఇంట్లో కూడా కావాలి. రోజూ రాత్రి పది నిమిషాలు మీ అబ్బాయినో అమ్మాయినో ఇంగ్లిష్‌లో ఏదైనా ఒకటి చెప్పమనండి, తప్పులు మాత్రం పట్టకండి. పైలట్ కాకపోయినా నష్టం లేదు.

ఇక మూడో దారి. దీన్ని ఎవరూ గట్టిగా చెప్పరు. ముందు వేరే ఉద్యోగం, ఆ తర్వాత సొంత డబ్బుతో ఎగరడం. 24 ఏళ్లకు ఉద్యోగంలో చేరినవాడు నెలకు 40 వేలు పక్కన పెడితే, 7 శాతం వడ్డీతో ఆరేళ్లలో 35 లక్షలు దాటుతుంది. 30 ఏళ్లకు సగానికి పైగా సొంత డబ్బుతో, మిగతా కొంచెం అప్పుతో మొదలుపెడితే 65 దాకా ఇంకా చాలా ఏళ్లున్నాయి. కష్టమే. ఆ ఆరేళ్లలోనే పెళ్లి, అమ్మానాన్నల ఆరోగ్యం, ఫ్లాటు ఈఎంఐ వచ్చిపడతాయి. కొందరికి కోరిక సన్నగిల్లుతుంది కూడా. సన్నగిల్లితే అది అంత పెద్ద కోరిక కాదని తేలినట్టే, ఇల్లు తాకట్టు పెట్టనందుకు సంతోషించవచ్చు.

ఉద్యోగం కోసం కాకుండా ఇష్టం కోసం మాత్రమే ఎగరాలనుకునేవాళ్లకు ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉంది. 17 ఏళ్లు నిండాలి, 40 గంటలు ఎగరాలి. గంటకు 15 వేలనుకుంటే ఆరు లక్షలు. కారు కొనే డబ్బు. ఇక్కడ అనుభవజ్ఞులు చెప్పే మాట ఒకటుంది. డబ్బు దొరికినప్పుడల్లా నెలకో గంట ఎగిరితే ప్రతిసారీ పాత పాఠమే మళ్లీ నేర్చుకోవాల్సి వస్తుంది, చివరికి గంటలు పెరిగి ఖర్చూ పెరుగుతుంది. ముందు డబ్బు కూడబెట్టుకుని, రెండు మూడు నెలలు వరసగా ఎగిరి పూర్తిచేయడం చవక. ఈ పేరా పిల్లల కోసం మాత్రమే రాయలేదు. మీలో కూడా ఎవరో ఒకరు శంషాబాద్‌లో బంధువులను దింపి, కారు పార్కింగ్‌లో రెండు నిమిషాలు ఎక్కువ నిలబడి విమానం లేవడం చూసి వస్తారని నాకు తెలుసు. జేఆర్‌డీ టాటా 1929లో మన దేశపు మొదటి పైలట్ లైసెన్స్ తీసుకున్నారు. కరాచీ నుంచి బొంబాయికి 1932లో టపా విమానం తానే నడిపారు. ఆ ప్రయాణానికి యాభై ఏళ్లు నిండినప్పుడు, 1982లో, 78 ఏళ్ల వయసులో అదే దారిలో మళ్లీ విమానం నడిపారు. ఆయనకు డబ్బుందిలెండి, ఆ సంగతి వేరే.

డబ్బు కట్టే ముందు జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఫ్లయింగ్ స్కూల్ ప్రకటనల్లో విమానం ముందు నిలబడ్డ ఫొటో ఉంటుంది. వెళ్లి అక్కడ ఎన్ని విమానాలు ఎగిరే స్థితిలో ఉన్నాయి, వాటికి ఎంతమంది విద్యార్థులు, ఎంతమంది ఇన్‌స్ట్రక్టర్లు, పోయిన ఏడాది చేరినవాళ్లు ఇప్పటికి ఎన్ని గంటలు ఎగిరారు అని అడగండి. 200 గంటలు ఏడాదిన్నరలో అవుతాయని చేర్చుకుని, విమానాలు లేక మూడేళ్లు కూర్చోబెట్టిన సంఘటనలున్నాయి. మొత్తం ఫీజు ఒకేసారి కడితే రాయితీ అంటారు. కట్టకండి, ఎగిరిన గంటలను బట్టి విడతలుగా కట్టండి. విదేశంలో తొందరగా అయిపోతుందనే ఏజెంట్లు ఉంటారు. అక్కడి లైసెన్స్‌ను మన లైసెన్స్‌గా మార్చుకోవడానికి మళ్లీ ఇక్కడి పరీక్షలు రాయాలన్న సంగతి వాళ్లు ఆఖర్న చెబుతారు. 2025 నుంచి డీజీసీఏ మన దేశంలోని ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకింగ్ ఇవ్వడం మొదలుపెట్టింది. దాన్ని చూసుకున్నాకే ఎక్కడైనా సంతకం పెట్టండి.

చవకగా ఈ కోరికను పరీక్షించే మార్గాలూ ఉన్నాయి. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉన్న కాలేజీలో చేరితే చిన్న మైక్రోలైట్ విమానంలో ఎగిరే అవకాశం పిల్లలకు ఉచితంగా రావచ్చు. ఇంటర్, డిగ్రీ కాలేజీ ఎంచుకునేటప్పుడు ల్యాబ్, హాస్టల్ చూసినట్టే ఇది కూడా అడగండి. రెండేళ్లకోసారి బేగంపేట విమానాశ్రయంలో వింగ్స్ ఇండియా ప్రదర్శన జరుగుతుంది. సాధారణ ప్రజలను అనుమతించే రోజున టికెట్ కొని పిల్లల్ని తీసుకెళ్లండి. మబ్బుల గురించి రాసే పిల్లలు ఇంజిన్ వాసన, చప్పుడు, ఎండలో నిలబడి పనిచేసే మనుషులను చూడాలి. కొందరు తిరిగొచ్చాక ఆ మాటే ఎత్తరు. కొందరు రాత్రంతా నిద్రపోరు. రెంటిలో ఏది జరిగినా మీకు సమాధానం దొరికినట్టే.

మా వైపు నుంచి కూడా ఒక మాట. మన స్కూల్లో కెరీర్ గైడెన్స్ అంటే ఇంజినీరింగ్, మెడిసిన్ చుట్టూనే తిరుగుతుంది. టైమ్‌టేబుల్ కూడా అంతే. దీన్ని స్టాఫ్ మీటింగ్‌లో నేను అడిగాను, మీరు కూడా పేరెంట్స్ మీటింగ్‌లో అడిగితే బలం వస్తుంది. ఎన్‌డీఏ పరీక్ష రాయాలనుకునే ఐదారుగురు పిల్లలుంటే చాలు, ఇంగ్లిష్, జనరల్ నాలెడ్జ్ భాగాలకు శనివారం సాయంత్రం గంటసేపు కూర్చోవడానికి నేను సిద్ధం.

చివరగా ఒక చిన్న పని. పైలట్ అవుతానన్న పిల్లలున్న ఇంట్లో దీన్ని ఈ నెలలోనే చేసుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు. ఆధార్ కార్డు, స్కూల్ రికార్డు, పాస్‌పోర్టు ఉంటే అదీ పక్కపక్కన పెట్టి చూడండి. మన తెలుగువాళ్ల ఇంటిపేర్లతో పెద్ద చిక్కు. ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒక్క పొడి అక్షరం. ఎన్‌డీఏ దరఖాస్తులోనైనా, డీజీసీఏ పరీక్షలకు తీసుకునే కంప్యూటర్ నంబరుకైనా పదో తరగతి మెమోలో ఉన్న పేరు, పుట్టిన తేదీనే చూస్తారు. మెమో ప్రింటయ్యాక మార్చుకోవాలంటే బోర్డు ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిరగాలి. పదో తరగతి పరీక్షకు పేర్లు పంపే నామినల్ రోల్స్ మీద మీ సంతకం కోసం స్కూలు నుంచి కాగితం వస్తుంది. దాన్ని పిల్లవాడి చేతికిచ్చి, “స్పెల్లింగ్ నువ్వే చూడరా, రేపు నీ లైసెన్స్ మీద పడేది ఇదే” అనండి.